తాళం తిప్పితే కారు టకటకమంటోందా? బ్యాటరీ కొనేముందు క్లాంపు పట్టుకుని చూడండి

నిక్షేపంలాంటి బ్యాటరీని పీకించి కొత్తది పెట్టించిన ఘనత నాది. స్కూలుకి టైమైపోతోంది, తాళం తిప్పితే కారు చలికి పళ్లు కొట్టుకున్నట్టు టకటకటకమని ఊరుకుంది. చూసినాయన బ్యాటరీ పోయిందన్నాడు, మార్పించేశాను. నాలుగో రోజు మళ్లీ అదే చప్పుడు. ఒళ్లు మండి బానెట్ ఎత్తాను. బ్యాటరీ టెర్మినల్ మీద వైరుని పట్టి ఉంచే క్లాంపు పట్టుకుంటే చేత్తోనే అటూ ఇటూ తిరిగింది. ఊడదీసి చూస్తే లోపలంతా బూడిదరంగు పొర. పాత బ్యాటరీకి కూడా ఇదే క్లాంపు ఇలాగే తగిలించి ఉండేదన్నమాట.

నేను లెక్కల టీచర్ని. జవాబు తప్పొస్తే పిల్లలు లెక్కంతా కొట్టేసి మొదటికొస్తారు. అలా కాదు, ఏ మెట్టు దగ్గర తప్పిందో వెతకండని రోజూ అరుస్తాను. అదే బుద్ధి కారు దగ్గర నాకెందుకు రాలేదో! ఆ వారమే వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ ఒకటి కొన్నాను.

కారు స్టార్ట్ కానప్పుడు ముందు చెవి పెట్టండి. గబగబా టకటకమంటే ఇంజన్‌ని మొదట తిప్పే స్టార్టర్‌కి చాలినంత కరెంటు అందట్లేదు. బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా దారిలో ఏదో అతుకు దగ్గర ఆగిపోతూ ఉండాలి. ఒక్కసారి ‘టక్’మని ఆగిపోతే, లైట్లు మాత్రం బాగానే వెలుగుతుంటే, అనుమానం స్టార్టర్ మోటారు మీదికి పోతుంది. అసలు చప్పుడే లేకపోతే, ఆటోమేటిక్ కారైతే బ్రేకు తొక్కిపట్టి గేరుని ‘పీ’ (పార్క్) నుంచి ‘ఎన్’ (న్యూట్రల్)లోకి మార్చి చూడండి. మాన్యువల్ అయితే క్లచ్ పూర్తిగా తొక్కండి, కొన్ని కార్లు అది తొక్కితే గానీ స్టార్ట్ కావు. ఇంజన్ మామూలుగా తిరుగుతూనే అంటుకోకపోతే మాత్రం అది ఇంధనానికో స్పార్కుకో సంబంధించిన కథ, బ్యాటరీ జోలికి పోకండి.

తర్వాత హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. లైట్లు ఆరిపోయేంత మసకబారితే బ్యాటరీనో అతుకునో చూడాలి. చెక్కుచెదరకుండా వెలుగుతుంటే స్టార్టర్ కరెంటు లాక్కోవట్లేదని అర్థం.

ఇప్పుడు మీటరు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద ఆనించండి. కారు కొన్ని గంటలు ఆగి ఉన్నాక మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పాతిక వంతు, 12 దగ్గరికొస్తే దాదాపు ఖాళీ. ఇంజన్ నడుస్తున్నప్పుడు చాలా కార్లలో 13.8 నుంచి 14.5 మధ్య ఉంటుంది. ఇంజన్ నడుస్తున్నా 12 దగ్గరే ఉండి ఇంకా దిగుతూ పోతుంటే ఇంజన్‌తో తిరుగుతూ బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ ఛార్జ్ చెయ్యట్లేదు. అప్పుడు ఎన్ని కొత్త బ్యాటరీలు పెట్టినా ఏట్లో పోసినట్టే.

నాకు బాగా నచ్చిన పరీక్ష ఇంకోటుంది. కారు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంట్లోవాళ్లని తాళం దగ్గర కూర్చోబెట్టండి. మీటరు ఎర్ర మొనని ప్లస్ టెర్మినల్ సీసపు బొడిపె మీద, నల్ల మొనని దాన్ని పట్టుకున్న క్లాంపు మీద పెట్టండి. రెండూ ఒకదాన్నొకటి అంటుకునే ఉన్నాయి కదా, మధ్యలో వోల్టేజీ ఏముంటుంది అనిపిస్తుంది. తాళం తిప్పమనండి. అతుకు బాగుంటే అంకె సున్నా దగ్గరే ఉంటుంది, 0.1 కంటే పెద్దగా దాటదు. అర వోల్టు చూపించిందంటే స్టార్టర్‌కి పోవాల్సినదాన్ని ఆ అతుకే తినేస్తోంది. మైనస్ వైపు కూడా ఇలాగే చూడండి. నాది ప్లస్ వైపు దాదాపు రెండు వోల్టులు చూపించింది. లెక్క దొరికినంత సంతోషమేసింది.

శుభ్రం చెయ్యడం పది నిమిషాల పని. ఇంజన్ ఆపి, మైనస్ క్లాంపు ముందు విప్పండి, బిగించేటప్పుడు అది ఆఖర్న. ఎందుకంటే కారు బాడీ అంతా మైనస్సే. ప్లస్ నట్టు తిప్పుతుండగా స్పానర్ బాడీకి తగిలితే మెరుపే. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, తుడిచి, ఆరాక గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దండి. కళ్లకి రక్షణ అద్దాలు, చేతులకి గ్లవ్స్ వేసుకోండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. గడియారం, రేడియో మళ్లీ సెట్ చేసుకోవాల్సి రావచ్చు.

ఇక ఇంట్లో సామాన్లు. ఇక్కడ కూడా చాలాసార్లు పాడైంది మోటారు కాదు, దానికి అడ్డుపడ్డ చెత్త.

ఫ్రంట్‌లోడ్ వాషింగ్ మెషీన్‌లో నీళ్లు బయటికి పోకుండా ఆగిపోతే, ప్లగ్ తీసి, నీళ్లు వేడిగా ఉంటే చల్లారనిచ్చి, కింద మూలన ఉండే చిన్న మూత తెరవండి. లోపల పంపు ఫిల్టర్ ఉంటుంది. పళ్లెం, పాతగుడ్డ దగ్గర పెట్టుకుని కొంచెం కొంచెంగా తిప్పండి. ఒక్కసారి తిప్పేస్తే నేలంతా చెరువే, అనుభవంతో చెబుతున్నా. ఫిల్టర్ కడిగాక అక్కడితో ఆగకండి. టార్చి వేసి ఆ రంధ్రంలోకి చూస్తే చిన్న రెక్కల చక్రం కనిపిస్తుంది, పుల్లతో నెట్టి తిరుగుతోందో లేదో చూడండి. మా మెషీన్‌లో చొక్కా గుండీ ఒకటి రెక్కకీ గోడకీ మధ్య ఇరుక్కుని కూర్చుంది. పంపు మార్చాలని అంతకుముందే ఒకరు తేల్చేశారు! అదే మెషీన్‌లోకి నీళ్లు సన్నగా వస్తుంటే, కుళాయి కట్టేసి వెనకాల పైపు విప్పండి, మూతి దగ్గరున్న జల్లెడ ఇసుకతో నిండిపోయి ఉండొచ్చు.

ఫ్రిజ్ లోపల కూరగాయల పెట్టె కింద నీళ్లు నిలుస్తుంటే వెనక గోడ అడుగున నీళ్లు బయటికి పోయే రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. మెత్తటి ప్లాస్టిక్ పుల్లతో పొడిచి గోరువెచ్చని నీళ్లు పోస్తే చాలు. చల్లదనం తగ్గితే తలుపు సందున కాగితం పెట్టి మూసి లాగండి, ఊరికే జారిపోతే అక్కడ రబ్బరు పట్టట్లేదు.

సీలింగ్ ఫ్యాన్ నీరసంగా తిరుగుతూ, చేత్తో తోస్తే గానీ మొదలవకపోతే తప్పు కెపాసిటర్‌ది, అంటే మోటారు తిరగడానికి సాయపడే చిన్న భాగానిది, అయి ఉంటుంది. మెయిన్ ఆపి, దాని మీద రాసున్న మైక్రోఫారడ్ విలువే చూసి అదే తెచ్చి వెయ్యండి. మైక్రోవేవ్ మాత్రం ప్లగ్ తీసినా సరే విప్పకండి. దాన్లోని కెపాసిటర్ ప్రాణం తీసేంత వోల్టేజీని పట్టి ఉంచుకోగలదు. గ్యాస్ వాసన వచ్చినా సొంత వైద్యం వద్దు.

ఇంకొకటి, ఉన్నట్టుండి ఇల్లంతా కరెంటు ట్రిప్పవడం. అన్ని ప్లగ్గులూ తీసేసి, స్విచ్‌బోర్డు పెట్టెలో ఒక్కో లైనుకి ఒకటిగా ఉండే చిన్న ఎంసీబీ స్విచ్చులన్నీ కిందికి దించి, మెయిన్ ఎత్తి, ఒక్కొక్కటే ఎత్తుకుంటూ రండి. ఏది ఎత్తితే పడిపోయిందో తప్పు ఆ లైన్లోనే. లైన్లన్నీ నిలబడితే ప్లగ్గులు ఒక్కొక్కటే పెట్టండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, తొందరపడి రెండు కలిపి ఎత్తితే మళ్లీ మొదటికే. ఏదీ లేకుండానే పడిపోతుంటే, కాలిన వాసన వస్తుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మా ఇంట్లో నెలపాటు గీజరుని అనుమానించాం. చివరికి ఇలా పట్టుకుంటే దోషి గేటు దగ్గర లైటు, డూములో రెండు వేళ్ల లోతు వాన నీళ్లు.