డిజైన్ పనికి ఎక్కువ బటన్ల మౌస్ కొంటున్నారా? ముందు స్క్రోల్ వీల్ నొక్కి చూడండి

వైజాగ్ ద్వారకానగర్‌లో ఏ కంప్యూటర్ షాపుకి వెళ్లి ప్రోగ్రామబుల్ మౌస్ (బటన్లకి మనకి కావాల్సిన పని పెట్టుకునేది) చూపించమన్నా ముందు గేమింగ్ మౌసులే తీస్తారు. రంగురంగుల లైట్లు, డబ్బా మీద 25,600 డీపీఐ (మౌస్ అంగుళం కదిలితే కర్సర్ ఎన్ని చుక్కలు జరుగుతుందో చెప్పే అంకె) అని పెద్ద అక్షరాలు. ఆ అంకెని పట్టించుకోకండి. ఆటోక్యాడ్‌లో పైపింగ్ డ్రాయింగులు గీసేవాళ్లకైనా, కోరల్‌డ్రాలో ఫ్లెక్సీలు చేసేవాళ్లకైనా 1000 నుంచి 1600 డీపీఐ చాలు, 4కే మానిటర్ ఉంటే ఇంకాస్త పెంచుకుంటారు, అంతే.

మనం చూడాల్సింది మధ్య క్లిక్. ఆటోక్యాడ్‌లో వీల్ నొక్కి పట్టుకుని లాగితే పాన్ (డ్రాయింగ్ అటూ ఇటూ జరగడం), రెండుసార్లు టకటకా నొక్కితే డ్రాయింగ్ మొత్తం స్క్రీన్‌లోకి వచ్చేస్తుంది. సాలిడ్‌వర్క్స్‌లో, బ్లెండర్‌లో అదే నొక్కి లాగితే మోడల్ తిరుగుతుంది, రెవిట్‌లో అయితే షిఫ్ట్ కలపాలి. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నొక్కుతూనే ఉంటాం కాబట్టి వీల్ గట్టిగా ఉందంటే చూపుడు వేలు పీకేస్తుంది. నొక్కేటప్పుడు వీల్ ఒక్క మెట్టు తిరిగినా పాన్ కాస్తా జూమ్ అయిపోతుంది, దాంతో విసుగు. అందుకే షాపులో డిస్‌ప్లే పీస్ అడిగి, పదీ ఇరవై సార్లు వీల్ నొక్కి పట్టుకుని అటూ ఇటూ లాగి చూడండి. వీల్ పక్కలకి కూడా వంగే రకమైతే నొక్కినప్పుడు ఒరుగుతోందేమో మరీ జాగ్రత్తగా చూడాలి. ఆన్‌లైన్‌లో రెండు మూడొందలు తక్కువకి వస్తుందని చేత్తో పట్టుకోకుండానే కొనేయడం నాకైతే నచ్చదు.

రోజంతా 3డీ మోడలింగే పనైతే 3డీకనెక్షన్ వాళ్ల క్యాడ్‌మౌస్ చూడొచ్చు, దాంట్లో మధ్య క్లిక్‌కి వీల్ కాకుండా విడిగా ఒక బటన్ ఉంటుంది. వాళ్లదే స్పేస్‌మౌస్ అని ఇంకోటి ఉంది, అది ఎడమ చేత్తో మోడల్ తిప్పడానికి, మౌస్ బదులు వాడేది కాదు.

ఇక ఎన్ని బటన్లు? కొనే ముందు ఒకటి రెండు రోజులు మీ ఎడమ చెయ్యి కీబోర్డు మీదకి ఎందుకెందుకు వెళ్తోందో కాగితం మీద రాసుకోండి. చాలామందికి ఆ లిస్టులో ఐదారు కంటే ఎక్కువ ఉండవు. ఆటోక్యాడ్ వాళ్లకి ఎంటర్ (ఖాళీగా ఉన్నప్పుడు కొడితే పాత కమాండే మళ్లీ వస్తుంది కాబట్టి బొటనవేలి కింద ఉండాల్సింది ఇదే), ఎస్కేప్, డిలీట్, గీతలు అడ్డంగానో నిలువుగానో మాత్రమే పడేలా చేసే ఆర్థో కోసం ఎఫ్8. ఫొటోషాప్ వాళ్లకి బ్రష్ సైజు పెంచే తగ్గించే స్క్వేర్ బ్రాకెట్లు, అన్‌డూ. కోరల్‌డ్రా వాళ్లకి కంట్రోల్+క్యూ, పేజీ మధ్యకి తెచ్చే పీ, మొత్తం కనబడే ఎఫ్4. పన్నెండు బటన్లున్న రేజర్ నాగా లాంటివి కొని బొటనవేలితో మూడో నాలుగో వాడి మిగతావి వదిలేసేవాళ్లే ఎక్కువ. అయినా కావాలంటే తక్కువ ధరలో రెడ్‌డ్రాగన్ ఎం908 ఉంది, దానికీ పక్కన పన్నెండు బటన్లే.

బటన్ల కంటే ముఖ్యం, సాఫ్ట్‌వేర్ మారితే బటన్ల పని కూడా మారుతుందా లేదా అన్నది. పైన చెప్పిన కంట్రోల్+క్యూనే తీసుకోండి. ప్రింటింగ్‌కి పంపేముందు తెలుగు అను ఫాంట్లలో ఉన్న అక్షరాలని కర్వ్స్ (గీతల బొమ్మలు)‌గా మార్చడానికి కోరల్‌డ్రాలో అదే కొడతాం. ఫొటోషాప్‌లోనో ఇలస్ట్రేటర్‌లోనో అదే బటన్ నొక్కితే ప్రోగ్రామే మూసుకుపోతుంది! లాజిటెక్ ఎంఎక్స్ మాస్టర్ 3ఎస్‌కి వచ్చే ఆప్షన్స్ ప్లస్‌లో ఒక్కో ప్రోగ్రామ్‌కీ వేరే సెట్టింగ్ పెట్టుకోవచ్చు, బొటనవేలి దగ్గరున్న రెండో వీల్ వీడియో టైమ్‌లైన్ జరపడానికి భలే ఉంటుంది. కాకపోతే అది కుడిచేతి వాళ్లకే, పైగా ఆ సెట్టింగులు ఉండేది కంప్యూటర్‌లో, మౌస్‌లో కాదు.

ఇది ఎవరికి ఇబ్బందంటే, ఆఫీసు సిస్టమ్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వని వాళ్లకి. అలాంటి చోట పనిచేసేవాళ్లు ఆన్‌బోర్డ్ మెమరీ ఉన్నది తీసుకోండి. లాజిటెక్ వాళ్లదే జీ502 హీరోలో 11 బటన్లు, ఐదు ప్రొఫైళ్ల (బటన్ల సెట్టింగుల) దాకా మౌస్‌లోనే ఉంటాయి, ఇంట్లో సెట్ చేసుకుని ఆఫీసులో గుచ్చితే చాలు. కానీ ప్రోగ్రామ్ మారినప్పుడు ప్రొఫైల్ దానంతటదే మారదు, మీరే మార్చాలి. అందుకని ఎక్కడ నొక్కినా ప్రమాదం లేని కీలే దాంట్లో పెట్టుకోండి. ఇంకోటి, ఒక్క నొక్కుకి వరసగా అక్షరాలు టైప్ చేసే మాక్రోలు పెట్టుకుంటే, తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉన్నప్పుడు కమాండ్ బదులు తెలుగు అక్షరాలు పడతాయి.

వైర్‌లెస్ అయితే బ్లూటూత్ కంటే డాంగిల్ (యూఎస్‌బీలో గుచ్చే చిన్న రిసీవర్) నయం. దాన్ని యూఎస్‌బీ 3 పోర్టుల పక్కన పెట్టకండి, ఆ పోర్టుల నుంచి 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి అడ్డు తగిలి కర్సర్ తడబడుతుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ వైర్‌తో డాంగిల్‌ని మౌస్ దగ్గరకి తెచ్చుకుంటే సరిపోతుంది.

మన వైజాగ్ ఉక్కపోత, చేతి చెమట సంగతి తెలిసిందే కదా, పక్కల్లో మెత్తటి రబ్బరు పూత ఉన్న మౌసులు కొన్నాళ్లకి జిగురుగా తయారవుతాయి. గరుకు ప్లాస్టిక్ ఉన్నది దొరికితే అదే మేలు. ఏది కొన్నా కొన్నాళ్లు వాడాక ఒక్కసారి నొక్కితే రెండు క్లిక్‌లు పడే జబ్బు రావచ్చు, అప్పుడు వారంటీయే దిక్కు. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకుని ఆ రోజే ఫొటో తీసి పెట్టుకోండి, థర్మల్ కాగితం మీద అచ్చు కొన్నాళ్లకి చెరిగిపోతుంది.