పాబ్లో హనీ మళ్లీ వినాలంటే చివరి పాటతో మొదలుపెట్టండి

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ అంటే ప్రాణం పెట్టేవాళ్లు కూడా 1993లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ 'పాబ్లో హనీ'ని ఒకటి రెండుసార్లు విని వదిలేస్తారు. బలహీనమైన ఆల్బమే, కాదనను. కానీ ఒక పద్ధతి ప్రకారం వింటే ఇందులో దొరికేది చాలా ఉంది.

ముందు ఒక జాగ్రత్త. వాళ్ల తర్వాతి ఆల్బమ్ 'ఓకే కంప్యూటర్' విన్న రోజు దీని జోలికి పోకండి, ఆ ఊపులో ఇది అస్సలు చెవికి ఆనదు. నాలుగు రోజులు రేడియోహెడ్‌ని పూర్తిగా ఆపేసి పిక్సీస్, నిర్వానా లాంటి ఆ కాలపు గిటార్ బ్యాండ్లు వినండి, అప్పుడు ఈ ఐదుగురు కుర్రాళ్లు ఎవరిని చూసి నేర్చుకుంటున్నారో మీకే తెలిసిపోతుంది. రికార్డింగ్ కూడా మూడు వారాల్లోనే ముగించేశారు, ఆ తొందర చాలా పాటల్లో వినిపిస్తుంది.

ఇక వినడం. మొదటి పాటతో కాదు, పన్నెండోదైన 'బ్లో అవుట్'తో మొదలుపెట్టండి. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. ఫిల్ సెల్వే డ్రమ్స్ మీద తేలిగ్గా, దాదాపు జాజ్‌లా మొదలవుతుంది, థామ్ యార్క్ గొంతు కూడా తగ్గించే పాడతాడు, కాసేపటికి గిటార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి, చివరికొచ్చేసరికి ఏ మోత ఎవరిదో విడదీయలేని స్థితికి తీసుకెళ్తాయి. తర్వాత వచ్చిన రేడియోహెడ్ మొత్తానికి విత్తనం ఇక్కడే ఉందని నా గట్టి నమ్మకం.

తర్వాత మొదటి పాట 'యూ'కి రండి. గిటార్ మొదలవగానే వేళ్ల మీద ఆరేసి బీట్లు లెక్కపెట్టండి. మూడు బార్ల వరకు, అంటే ఆరు బీట్ల గుంపులు మూడింటి వరకు, లెక్క సరిపోతుంది, నాలుగో దాంట్లో ఒక బీటు తగ్గి మీ వేలు వెనకబడుతుంది. అంత చిన్న వయసులోనే ఇలాంటి పని చేశారంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

'క్రీప్' ఎన్నిసార్లు విన్నా సరే, ఈసారి పాటని కాకుండా గిటారిస్ట్ జానీ గ్రీన్‌వుడ్‌ని మాత్రమే వినండి. పాట మరీ మెత్తగా ఉందని అతనికి నచ్చలేదట, అందుకే కోరస్ ముందు గిటార్‌ని అంత గట్టిగా కొట్టాడు. ఇప్పుడు ఆ దెబ్బల కోసమే చాలామంది ఈ పాట వింటారు. 'లర్గీ' మాత్రం ఏ ఆలోచనా పెట్టుకోకుండా వినండి, చాలా హాయైన పాట.

'హౌ డూ యూ?', 'ఐ కాంట్' దాటేసినా పర్వాలేదు. మొత్తం వింటేనే అభిమానం అనే టెన్షన్ వద్దు.

ఓపిక ఉంటే 1992 నాటి 'డ్రిల్' ఈపీ (కొన్ని పాటలే ఉండే చిన్న రికార్డు) వెతకండి. అందులో 'థింకింగ్ అబౌట్ యూ' వేగంగా, మోతగా ఉంటుంది. ఆల్బమ్‌లో అదే పాట అకూస్టిక్ గిటార్‌తో నెమ్మదిగా సాగుతుంది. రెండూ వెంటవెంటనే పెట్టి వింటే వీళ్లకి ఇంకా ఏ దారి తమదో తేలలేదని స్పష్టంగా అర్థమవుతుంది. అది పట్టుకున్నాక 1995 నాటి వాళ్ల రెండో ఆల్బమ్ 'ది బెండ్స్' పెట్టండి, కానీ అదే రోజు కాదు, మర్నాడు.