ఆర్‌ఎక్స్ 100 కార్బొరేటర్: స్క్రూ తిప్పే ముందు

1996లో తయారీ ఆగిపోయిన యమహా బండి ఇది. గాలి, పెట్రోల్ కలిపి ఇంజిన్‌కు అందించే దాని కార్బొరేటర్‌ను ఇన్నేళ్లలో ఎన్ని చేతులు విప్పాయో, ఎవరు ఏ జెట్ (పెట్రోల్ కొలతగా పోయే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క) బిగించారో లెక్కుండదు. ట్యూనింగ్‌కు దిగే ముందు ప్లగ్, ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ లోపలి గొట్టం (బఫిల్) చూసుకోండి. బఫిల్ మసితో పూడుకుపోయినా బండి పై స్పీడు అందుకోదు. అది చూడకుండా మెయిన్ జెట్లు మార్చేవాళ్లే ఎక్కువ.

స్టాండ్ మీదున్నా పెట్రోల్ కారుతోంది

ట్యాంకు తుప్పు రవ్వ, కార్బొరేటర్‌లోకి వచ్చే పెట్రోల్‌ను ఆపే ఫ్లోట్ నీడిల్ దగ్గర ఇరుక్కుని ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో కార్బొరేటర్ అడుగునున్న గిన్నెను (బౌల్) మెల్లగా తడితే ఒక్కోసారి ఆగుతుంది, కానీ మళ్లీ మొదలవుతుంది. బౌల్ విప్పి నీడిల్ మొన వెలుతురులో చూడండి. చుట్టూ గాడి పడి ఉంటే మార్చాల్సిందే. పెట్రోల్ మీద తేలే ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపినప్పుడు లోపల పెట్రోల్ కదిలిన చప్పుడు వస్తే అదీ పోయినట్టే. ట్యాంకు కడగకుండా కొత్త నీడిల్ వేస్తే డబ్బు దండగ.

చోక్ వేస్తేనే నడుస్తోంది

నెలల తరబడి నిలబెట్టిన బండికి వచ్చే జబ్బు. పెట్రోల్ ఎండి, జిగురై, స్లోలో (యాక్సిలరేటర్ తిప్పకుండా నడిచేటప్పుడు) పెట్రోల్ ఇచ్చే స్లో జెట్‌లో కూర్చుంటుంది. కార్బ్ క్లీనర్ కొట్టి, పంక్చర్ షాపులో గాలితో ఊదించండి. జెట్‌ను ఎండకు పెట్టి చూస్తే గుండ్రటి వెలుగు చుక్క కనపడాలి. పిన్నీసు మాత్రం పెట్టకండి. ఇత్తడి మెత్తన, రంధ్రం ఒక్కసారి పెద్దదైతే జెట్ మీద నంబరుకు అర్థం లేదు.

స్లో నిలబడట్లేదు, యాక్సిలరేటర్ వదిలినా రేజ్ తగ్గట్లేదు

కేబుల్ ఎక్కడా పట్టుకోవడం లేదని చూశాక, ఎక్కడో దొంగగాలి పోతోందని అనుమానించండి. కార్బొరేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్యనున్న రబ్బరును వేళ్లతో వంచితే పగుళ్లు బయటపడతాయి. కనపడకపోతే ఇంజిన్ స్లోలో ఉంచి ఆ కీలు చుట్టూ డబ్ల్యూడీ-40 స్ప్రే కొద్దిగా కొట్టండి. చప్పుడు మారితే లీకు అక్కడే. పెట్రోల్‌తో ఈ పరీక్ష చెయ్యొద్దు, వేడి ఇంజిన్ మీద మంట అంటుకుంటుంది. రబ్బరు బాగుంటే క్రాంక్ ఆయిల్ సీళ్లు చూడాలి. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ తరుగుతూ సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తుంది. గాలి లీకుతో బండిని తొక్కితే మిశ్రమం పల్చబడి, ఇంజిన్ కాగి పిస్టన్ సీజ్ అవుతుంది. స్లోలో గాలి పాళ్లు సరిచేసే ఎయిర్ స్క్రూతో దీన్ని కప్పిపెట్టే ప్రయత్నమే ప్రమాదం.

వాన తర్వాత తడబడుతోంది

బౌల్‌లోని పెట్రోల్‌ను గాజు సీసాలోకి వదలండి. నీళ్లుంటే అడుగున బొట్లు బొట్లుగా దొర్లుతాయి. ఇప్పుడు పెట్రోల్‌లో కలుస్తున్న ఇథనాల్ తేమనూ పీల్చుకుంటుంది. బండి నెలకు పైగా నిలబెట్టాలంటే కాక్ మూసి బౌల్ ఖాళీ చేసి పెట్టండి.

కాసేపు నడిచి ఆగుతోంది

ట్యాంకు మూత తెరవగానే బుస్సుమని గాలి లోపలికి పోయి, బండి మళ్లీ నడిస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుంది. శుభ్రం చేస్తే సరి.

ఇవన్నీ సరిపోయాకే ట్యూనింగ్. ఇంజిన్ వేడెక్కాక ఎయిర్ స్క్రూ మెల్లగా పూర్తిగా మూసి, ఒకటిన్నర చుట్టు తెరవండి. అక్కడి నుంచి పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ స్లో ఎక్కడ ఎక్కువగా, నిలకడగా ఉంటే అక్కడ ఆపి, తర్వాత స్లో స్క్రూ తగ్గించండి. యాక్సిలరేటర్ సగంలో తడబాటు ఉంటే నీడిల్ క్లిప్ (ఫ్లోట్ నీడిల్ కాదు, యాక్సిలరేటర్‌తో పైకి లేచే సూదిది) చూడాలి. ప్లగ్ తెల్లబడితే క్లిప్‌ను ఒక గాడి కిందికి, నల్లగా తడిగా ఉంటే ఒకటి పైకి. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడే ఇబ్బంది ఉంటే అప్పుడు మెయిన్ జెట్.

హైదరాబాద్‌లో పుత్లీబౌలికో రాణిగంజ్‌కో జెట్ కొనడానికి వెళ్తే పాతది జేబులో పెట్టుకెళ్లండి. నంబరుతో పాటు మర పొడవూ, తల సైజూ పక్కపక్కన పెట్టి చూశాకే డబ్బులివ్వండి.