టైగర్ ట్యాంకు మోడల్ కట్టడం ఎలా? ముందు తేదీ తేల్చుకోండి

చాలామంది ముందు ప్లాస్టిక్ భాగాలుండే కిట్ కొంటారు, తర్వాత రంగులు కొంటారు, అంతా అతికించేశాక ఇది ఏ యుద్ధంలోది, ఏ దళానిది అని వెతకడం మొదలుపెడతారు. ఆ వరసే తప్పు. చరిత్రకు సరిపోయే మోడల్ కావాలంటే మొదట తేల్చుకోవాల్సింది తేదీ. ఫలానా ఏడాది, ఫలానా నెలలో, ఫలానా చోట నిలబడి ఉన్న ఒకే ఒక్క బండిని ఎంచుకోండి. అది తేలిందంటే చక్రాలేవి, రంగేది, దుమ్ము ఎలాంటిది అన్నవి చాలావరకు దాని వెంటే తేలిపోతాయి.

రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ టైగర్-1నే ఉదాహరణగా తీసుకుంటాను. 1942 ఆగస్టు నుంచి 1944 ఆగస్టు వరకు, అంటే రెండేళ్లే తయారైంది, మొత్తం 1,300 పైచిలుకు. కానీ ఆ రెండేళ్లలో ఫ్యాక్టరీ దాన్ని మారుస్తూనే ఉంది, అందుకే తప్పు చేయడానికి ఇంతకన్నా అవకాశమున్న ట్యాంకు దొరకదు.

తేదీని బట్టి ఏం మారుతుంది?

మొదట్లో టరెట్ (గన్ ఉండి, చుట్టూ తిరిగే పైభాగం) పైన కమాండర్ తల పెట్టే గూడు డ్రమ్ములా నిటారుగా ఉండేది. 1943 జులై నుంచి పెరిస్కోపులున్న పొట్టి గూడు వచ్చింది. అదే ఏడాది ఆగస్టు చివర, సెప్టెంబరు ప్రాంతంలో అయస్కాంత మందుపాతరలు కవచానికి అతుక్కోకుండా జిమ్మరిట్ అనే గార లాంటి పూత మొదలైంది. 1944 ఆరంభంలో రబ్బరు అంచు చక్రాలు పోయి ఉక్కు అంచు చక్రాలొచ్చాయి. ఇప్పుడు లెక్క చూడండి: ట్యునీషియాలో పోరు 1943 మేలో ముగిసింది, రష్యాలోని కుర్స్క్ యుద్ధం అదే ఏడాది జులైలో, ఫ్రాన్స్‌లోని నార్మండీ పోరు 1944 జూన్‌లో మొదలైంది. అంటే ట్యునీషియా, కుర్స్క్ టైగర్లకు జిమ్మరిట్ ఉండే ప్రశ్నే లేదు. నార్మండీ బండికైతే అది లేకుండా కడితే తప్పు.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. నా మొదటి టైగర్‌కి రోజుల తరబడి కూర్చుని జిమ్మరిట్ పూశాను, గీతలన్నీ చక్కగా కుదిరాయి, ఆ తర్వాత దాని మీద కుర్స్క్ నాటి నంబర్లు అతికించాను. తేదీలు చదివాక చాలా బాధపడ్డాను, పూతంతా గీకేశాను.

కాబట్టి తేదీ ఉన్న పాత ఫోటో ఒకటి సంపాదించండి, వీలైతే అదే బండివి రెండు మూడు కోణాల్లో. మ్యూజియం బండ్లు కొలతలకు, బోల్టులు ఎక్కడున్నాయో చూసుకోవడానికి బాగా పనికొస్తాయి. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిష్ సేనలకు చిక్కిన టైగర్ 131 ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియంలో ఇప్పటికీ నడిచే స్థితిలో ఉంది. అయితే మ్యూజియంలో ఉన్న బండికి తర్వాతి కాలంలో మరమ్మతులు జరిగి ఉంటాయి, మళ్లీ రంగు వేసి ఉంటారు. అందుకని ఆకారానికి మ్యూజియం బండిని, ముస్తాబుకి అప్పటి ఫోటోని నమ్మండి.

కొలత

1/35 స్కేల్‌లో అయితే అసలు కొలతను 35తో భాగిస్తే చాలు. టైగర్‌కి యుద్ధంలో వాడే ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే ఉక్కు పట్టా) 725 మిల్లీమీటర్ల వెడల్పు, రైలు మీద తరలించేటప్పుడు బిగించే ట్రాక్ 520. మోడల్‌లో అవి 20.7, 14.9 రావాలి. కిట్ కొత్తగా తెరిచినప్పుడే కాలిపర్‌తో ఇలాంటివి నాలుగైదు కొలిచి చూసుకోండి, తేడా ఉంటే అతికించక ముందే సరిచేసుకోవచ్చు.

అతికించడం

భాగాలను సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి, అచ్చులోంచి వచ్చిన జిడ్డు ఉంటే రంగు పట్టదు. ఫ్రేమ్ నుంచి కత్తిరించేటప్పుడు కాస్త మిగిల్చి కోయండి, మిగిలింది కత్తితో చెక్కి, 400 నంబరు శాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి 800తో నున్నగా చేయండి. జిగురు పెట్టేముందు ప్రతి భాగాన్నీ ఉత్తగా అమర్చి చూడండి. పల్చటి ద్రవం జిగురు వాడితే అతుకు దగ్గర బ్రష్ ఆనిస్తే చాలు, అదే లోపలికి పాకుతుంది. కిటికీ తెరిచి పెట్టుకోండి, ఆ వాసన మంచిది కాదు.

గన్ గొట్టం రెండు ముక్కలుగా వస్తే అతుకు గీత అస్సలు కనిపించకూడదు, లప్పం పెట్టి గుండ్రంగా అరగదీయండి. 88 మిల్లీమీటర్ల గన్ కాబట్టి మూతి దగ్గర రంధ్రం రెండున్నర మిల్లీమీటర్లు ఉండాలి.

ఎక్కువ సమయం పెట్టాల్సింది మడ్‌గార్డుల మీద. ముందరి కవచం 100 మిల్లీమీటర్ల మందం, మోడల్‌లో దాదాపు 3 మిల్లీమీటర్లు, అది ప్లాస్టిక్‌లో బాగానే వస్తుంది. మడ్‌గార్డు మాత్రం అసలు బండిలో పల్చటి రేకు. ప్లాస్టిక్‌లో అది మిల్లీమీటరు మందంతో వస్తే, అంటే అసలు బండిలో 35 మిల్లీమీటర్ల పలక అన్నట్టు! వెనక వైపు నుంచి అంచును ఏటవాలుగా గీకుతూ పోండి, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అంచు దగ్గర ప్లాస్టిక్ లోంచి కాంతి కనబడాలి. అప్పుడు ఒక మూల వేలితో కొద్దిగా వంచితే నిజం రేకు నొక్కుకుపోయినట్టే ఉంటుంది.

జిమ్మరిట్ కావాల్సిన తేదీ అయితే రెండు భాగాలు కలిపే ఎపాక్సీ లప్పాన్ని వీలైనంత పల్చగా పరిచి, తడి వేలితో నున్నగా చేసి, సన్నటి బ్లేడు అంచుతో వరసలుగా నొక్కండి. అసలు పూతే కొన్ని మిల్లీమీటర్ల మందం, మోడల్‌లో అది కాగితమంత.

చక్రాలు ఒకదాని వెనక ఒకటి దూరి ఉంటాయి. రబ్బరు అంచు టైగర్‌కి ఒక్కో వైపు ఎనిమిది ఇరుసులు, ఇరుసుకి మూడు చొప్పున 24 చక్రాలు. లోపలివి బిగించాక బ్రష్ దూరదు, అందుకే రంగు వేశాకే వరసగా అమర్చండి.

రంగు, మురికి

నలుపు తెలుపు ఫోటోలో రంగు పోల్చుకోవడం కష్టం, ఇక్కడా తేదీయే దిక్కు. యూరప్‌లో 1943 ఫిబ్రవరి దాకా ముదురు బూడిద రంగు, ఆ తర్వాత డుంకెల్‌గెల్బ్ అనే ముదురు పసుపు. దాని మీద ఆకుపచ్చ, ఎర్ర గోధుమ మచ్చలు సిబ్బందే వేసుకునేవారు: రంగు పేస్టులా డబ్బాల్లో వచ్చేది, నీళ్లో పెట్రోలో కలిపి చల్లేవారు. అందుకే ఏ రెండు బండ్లూ ఒకేలా ఉండవు, మీ ఫోటోలో మచ్చ ఎక్కడుంటే అక్కడే వేయండి. ప్రైమర్ కొట్టి, ఎయిర్‌బ్రష్‌తో పల్చటి పొరలుగా వేసుకుంటూ రండి. చిన్న మోడల్ మీద అసలు షేడ్ ముదురుగా అనిపిస్తుంది, కాస్త తెలుపు కలిపితే కంటికి సరిపోతుంది.

నంబర్ల డీకాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే పల్చటి స్టిక్కర్లు) అతికించే ముందు మెరిసే వార్నిష్ వేయండి, లేదంటే కింద గాలి చిక్కుకుని తెల్లగా మెరుస్తుంది. అది ఆరాక ఆయిల్ రంగును బాగా పల్చన చేసి బోల్టుల చుట్టూ, సందుల్లోకి పాకించండి.

తుప్పు విషయంలో చెయ్యి బిగబట్టండి. యుద్ధంలో ట్యాంకు బతికేది చాలాసార్లు నెలలే, మందపాటి కవచం అంతలో పెచ్చులుగా తుప్పు పట్టదు. పొగగొట్టాలు మాత్రం వేడికి త్వరగా తుప్పు పడతాయి. ట్రాక్ నేలకి, చక్రాలకి రాసుకునే చోట ఉక్కు మెరవాలి. దుమ్ము, బురద ఆ నేలవే అయి ఉండాలి: ట్యునీషియాకి లేత దుమ్ము, కుర్స్క్‌కి నల్లమట్టి.

ఆఖరున మెరుపు పోయే వార్నిష్ వేసి, మోడల్‌ని పాత ఫోటోలోని కోణంలోనే నలుపు తెలుపులో ఫోటో తీసి రెండూ పక్కపక్కన పెట్టండి. కంటికి దొరకనివి అందులో దొరుకుతాయి. నా రెండో టైగర్‌ని అలా చూసినప్పుడు, పై వరస ట్రాక్ చక్రాల మీద బరువుగా వాలాల్సింది పోయి తాడులా బిగిసి ఉందని తెలిసింది. ట్రాక్ విప్పి ఒక్క లింకు కలిపి మళ్లీ బిగించాను. ఆ వంపు వచ్చాకే అది 57 టన్నుల బండిలా కనిపించింది.