ఆ గేమ్ మీవాడికి నప్పుతుందా? అట్ట మీద అంకె ఒక్కటే చూస్తే చాలదు

మా అక్కావాళ్లది పర్లాకిమిడి. మొన్న సెలవుల్లో వెళ్లేసరికి పద్నాలుగేళ్ల మేనల్లుడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని 'గాడ్ ఆఫ్ వార్' ఆడుతున్నాడు, పాతపట్నంలో ఫ్రెండ్ దగ్గర హార్డ్ డిస్క్‌లో వేయించుకొచ్చాడట. "ఆ గడ్డపాయన ఎవర్రా?" అన్నాను. "తెలీదు మావయ్యా, కొడతాడు." "మరి పక్కన గుంటడు?" "ఆడు బాణాలేస్తాడు."

అంతే. నిజానికి అది చనిపోయిన భార్య చితాభస్మాన్ని ఎత్తైన కొండ శిఖరం మీంచి చల్లడానికి కొడుకుని వెంటబెట్టుకుని బయల్దేరిన తండ్రి కథ. మావాడు మాత్రం మాటలు మొదలవగానే సౌండ్ తగ్గించి ఫోన్ చూసుకుంటున్నాడు, గొడవ మొదలైతే మళ్లీ మౌస్ పట్టుకుంటున్నాడు. వాడి తప్పేం లేదు లెండి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ కలిపి. గేమ్‌లో ఏమో ఇంగ్లీషు, అదీ పరుగెడుతూ, అరుస్తూ మాట్లాడే ఇంగ్లీషు.

అందుకే ఇలాంటి ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్లలో మన పిల్లలకి యాక్షన్ అడ్వెంచర్ గేమ్ చూసేటప్పుడు నేను ముందుగా వేసుకునే ప్రశ్న ఒకటే: ఇందులోంచి కథ తీసేస్తే ఏం మిగులుతుంది? కథ అర్థమైన పిల్లాడికి ఆ కొట్లాట ఎందుకో తెలుస్తుంది, కొట్టినాయన బాధపడటమూ కనిపిస్తుంది. కథ దాటేసినవాడికి గొడ్డలీ నెత్తురూ మాత్రమే మిగులుతాయి. గేమ్ ఏ వయసువాళ్లకో చెప్పే రేటింగ్ ఇచ్చేవాళ్లు ఈ తేడా లెక్కలోకి తీసుకోరు, మనమే తీసుకోవాలి.

అలాగని రేటింగ్‌ని వదిలేయమని కాదు, మొదలుపెట్టాల్సింది అక్కడే. అమెరికాలో ఈ రేటింగ్ ఇచ్చే ఈఎస్ఆర్‌బీ అనే సంస్థ 1994 నుంచి ఉంది. అందులో 'టీ' అంటే 13 దాటినవాళ్లకి, 'ఎం' అంటే 17 దాటినవాళ్లకి. యూరప్‌లో 2003 నుంచి అలాంటిదే పెగీ ఉంది, అది 3, 7, 12, 16, 18 అని అంకెలే వేస్తుంది. తమాషా ఏంటంటే ఒకే గేమ్‌కి ఇద్దరూ వేర్వేరు వయసులు చెప్తారు. 2018లో వచ్చిన 'స్పైడర్ మ్యాన్' ఈఎస్ఆర్‌బీ లెక్కలో 13కే సరిపోతుంది, పెగీ మాత్రం 16 అంటుంది. రెండూ వెతికి చూడండి, పెద్ద అంకెని పట్టుకోండి, ఆ తర్వాత మీవాడిని బట్టి ఒక మెట్టు దిగాలో వద్దో తేల్చుకోండి.

అంకె కన్నా పక్కనుండే చిన్న అక్షరాలు ఎక్కువ పనికొస్తాయి: హింస, బూతులు, భయం, డ్రగ్స్, జూదం, గేమ్‌లో కొనుగోళ్లు. ఈఎస్ఆర్‌బీ సైట్లో గేమ్ పేరు కొడితే చాలా గేమ్‌లకి ఏ రకం సీన్లున్నాయో ఒక పేరా రాసి ఉంటుంది, ఖర్చేం లేదు. ఫోన్ గేమ్‌కైతే ప్లే స్టోర్‌లో 12+, 16+ అని ఉంటుంది, కానీ అది గేమ్ చేసినవాళ్లు నింపిన ప్రశ్నల జాబితాని బట్టి వచ్చే అంకె, కాబట్టి అక్కడ కొంచెం అనుమానం ఉంచుకోండి.

తర్వాత యూట్యూబ్. ట్రైలర్ చూడకండి, ట్రైలర్‌లో అన్నీ బాగానే ఉంటాయి. ఎవరైనా మాట్లాడకుండా ఆడిన వీడియో వెతికి, మొదటి పది నిమిషాలు వదిలేసి నడిమధ్యలో ఒక అరగంట చూడండి, కావాలంటే సౌండ్ తీసేసి, అంటే మీవాడు చూసినట్టే. దెబ్బ తగిలినప్పుడు కెమెరా దగ్గరికి వెళ్లి చూపిస్తోందా, దూరం నుంచి దాటేస్తోందా? దారినపోయేవాణ్ణి కొడితే ఏమవుతోంది? తప్పించుకునో దాక్కునో ముందుకెళ్లే దారి ఉందా, చంపితే తప్ప తలుపు తెరుచుకోదా? ఈ లెక్కన స్పైడర్ మ్యాన్ సౌండ్ తీసేసినా నిలబడుతుంది, మేడ మీంచి తోసేసిన దొంగ కూడా కింద పడడు, సాలెగూటితో గోడకి అతుక్కుపోతాడు. 'జీటీఏ 5' నిలబడదు. అది రెండు చోట్లా పెద్దవాళ్లదే, అయినా మా చుట్టుపక్కల ఏడో తరగతి పిల్లలకి కూడా అందులో వీధులు తెలుసు.

హార్డ్ డిస్క్‌లో వచ్చిన గేమ్‌తో ఇంకో తలనొప్పి. అట్ట ఉండదు, అంకె ఉండదు, పైగా ఎవరో మోడ్‌లు, అంటే గేమ్‌ని మార్చే బయటివాళ్ల ఫైళ్లు, కలిపి ఉంటారు. 2004 నాటి 'జీటీఏ: సాన్ ఆండ్రియాస్' లోపల దాచి వదిలేసిన ఒక బూతు సీన్‌ని 2005లో మోడ్‌తో బయటకి లాగితే, ఈఎస్ఆర్‌బీ దాని రేటింగ్‌ని ఎం నుంచి పెద్దలకు మాత్రమే అనే మెట్టుకి మార్చింది. మామూలుగా ఎవరో తయారుచేసి కలిపే మోడ్‌లకైతే ఆ మార్పు కూడా ఉండదు, రేటింగ్ కంపెనీ ఇచ్చినదానికే. ఆన్‌లైన్‌లో అవతలివాళ్లు మాట్లాడే మాటలకీ రేటింగ్ లేదు, వాయిస్ చాట్ ఆపేయండి. ఫోన్‌కి మీ కార్డు గానీ యూపీఐ గానీ తగిలించి ఉంటే కొనుగోళ్లకి పాస్‌వర్డ్ పెట్టండి.

చివరిగా ఒక గంట పక్కన కూర్చోండి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెద్ద అక్షరాల్లో పెట్టించండి. మధ్యలో "ఇప్పుడెక్కడికి వెళ్తున్నావు, ఎందుకు?" అని అడగండి. జవాబొస్తే సగం పని అయినట్టే.

మావాడికి జవాబు రాలేదు. 'గాడ్ ఆఫ్ వార్' రెండు చోట్లా పెద్దవాళ్ల గేమే కాబట్టి మా అక్క "తీసేయ్ అయితే" అంది. ఊరికే డిలీట్ చేస్తే ఫ్రెండింట్లో ఆడతాడు. అందుకని 'అన్‌చార్టెడ్: ది లాస్ట్ లెగసీ' కొనిచ్చాను, మన పడమటి కనుమల్లో గణేశుడి దంతం వెతికే కథ. తుపాకులున్నాయి, అమెరికా లెక్కలో 13, పెగీలో 16, అందుకే పక్కన కూర్చునే ఆడించాను. గుడి బొమ్మలు కనపడగానే ఫోన్ పక్కనపెట్టి "ఇదెక్కడ మావయ్యా?" అన్నాడు. పాత గేమ్‌లో ఎక్కడిదాకా ఆడాడో దాచుకున్న సేవ్ ఫైల్ మాత్రం పెన్‌డ్రైవ్‌లో వేసి వాడి చేతే అక్కకి ఇప్పించాను, బీరువాలో వాడి బర్త్ సర్టిఫికెట్ పక్కనే ఉంది, ఇంకో మూడేళ్లకి అడుగుతాడట.