కింబర్లీ అన్న పేరు మూలాన్ని వెదకే పద్ధతి

ఊరిపేరు నుంచి పుట్టిన ఇంగ్లిషు పేరుకు అర్థం తెలుసుకోదలచినవారు ముందుగా పిల్లల పేర్ల జాబితాలను పక్కన పెట్టాలి. కింబర్లీకి అవి ‘రాజకోట మైదానం’ వంటి అర్థం చెబుతాయి. పదాన్ని ముక్కలుగా విరిచి అర్థాలను అతికించడం వల్ల వచ్చిన చిక్కిది.

పేరు పెట్టినవారి మనసులో ఏ ఊరుందో మొదట తేల్చుకోండి. ఇక్కడ అది దక్షిణాఫ్రికాలోని వజ్రాల గనుల పట్టణం. 1899 అక్టోబరు నుంచి 1900 ఫిబ్రవరి దాకా బోయర్ సేనలు (అక్కడ స్థిరపడిన డచ్చి సంతతివారి సేనలు) దానిని ముట్టడించినప్పుడు ఆ పేరు బ్రిటన్ అంతటా మారుమోగగా, కొందరు తమ మగపిల్లలకు దానినే పెట్టుకున్నారు. ఆడపిల్లల పేరుగా అది స్థిరపడింది చాలా తరువాత. అమెరికాలో 1960లలో విరివిగా వినిపించింది.

తరువాత ఆ ఊరికి ఆ పేరెలా వచ్చిందో చూడండి. న్యూ రష్ అని పిలిచే ఆ గనుల శిబిరానికి 1873లో, అప్పటి బ్రిటిష్ వలసల మంత్రి కింబర్లీ ప్రభువు పేరు పెట్టారు. ఆయన అసలు పేరు జాన్ వుడ్‌హౌస్. 1866లో వచ్చిన ఆ బిరుదుకు ఆధారం ఇంగ్లండులోని నార్ఫక్ కౌంటీలో ఆయన వంశీకుల ఊరు. అసలు మూలాన్ని వెదకవలసింది అక్కడే.

ఇక ఆ ఊరిపేరుకు దొరికే అతి పాత రూపాన్ని పట్టుకోండి. ఇంగ్లండు భూముల వివరాలను నమోదు చేసిన 1086 నాటి డూమ్స్‌డే గ్రంథంలో అది ‘కినెబుర్లై’ వంటి రూపంలో ఉంది. మొదటి భాగం కినెబుర్గ్ అనే స్త్రీ పేరు. చివరిది పాత ఇంగ్లిషు మాట ‘లేయా’, అంటే అడవి మధ్యనున్న బయలు. కినె అంటే రాజవంశానికి చెందినదనీ, బుర్గ్ అంటే కోట అనీ విడివిడిగా అర్థాలున్న మాట నిజమే కాని, ఆ రెండూ కలిసి అప్పటికే ఒక మనిషి పేరయ్యాయి. కనుక కింబర్లీ అంటే కినెబుర్గ్ బయలు. అక్కడ కోటేదీ ఉండనక్కరలేదు. నాటింగ్‌హమ్‌షైర్‌లోనూ ఒక కింబర్లీ ఉంది కాని, దాని మొదటి భాగం వేరే పేరు, అదీ ఒక పురుషునిది. అందుకే ఏ కౌంటీలోని ఊరో నిర్ధారించుకోకుండా అర్థం చెప్పకూడదు.

పాత రూపాల కోసం ఇంగ్లిష్ ప్లేస్-నేమ్ సొసైటీ కౌంటీలవారీగా వెలువరించిన సంపుటాలు, నాటింగ్‌హమ్ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో ఉంచిన ఊరిపేర్ల సూచిక నమ్మదగినవి. ఇదే పద్ధతిలో చూస్తే ఆష్లీ యాష్ చెట్ల బయలనీ, స్టాన్లీ రాళ్ల బయలనీ తేలికగానే తేలుతుంది. షర్లీ దగ్గర మాత్రం తొందరపడకండి: దాని మొదటి భాగానికి ‘వెలుతురున్న’ అనీ, ‘షైర్’ (కౌంటీ) అనీ రెండు అర్థాలకూ వీలుంది.