డాస్ ఆటలో చుక్క పెట్టడానికి దగ్గరి దారి

పాత పీసీల ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ కోసం మీరు రాసిన ఆటలో బొమ్మ నత్తనడకన కదులుతోందా? ముందు బయోస్‌ను, అంటే యంత్రంలోనే ఉండే మూల ప్రోగ్రామును, అనుమానించండి. 10హెచ్ ఇంటరప్టుతో (బయోస్‌ను పిలిచే ఆదేశం; హెచ్ అంటే 16 ఆధారపు సంఖ్య) చుక్క, అంటే పిక్సెల్, పెట్టమంటే అది రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపలి చిన్న అరలు) దాచుకుని, ఏ తెర మోడ్‌లో ఉన్నామో చూసుకుని, చివరికి ఒక్క బైటు రాస్తుంది. 320×200 తెరకు అలాంటి చుక్కలు 64,000! ఇక డాస్ సంగతంటారా, అది గ్రాఫిక్స్ జోలికే రాదు.

కాబట్టి ఏఎక్స్ రిజిస్టర్‌లో 13హెచ్ (ఈ 320×200 మోడ్ సంఖ్య) పెట్టి, మోడ్ మార్చడానికి మాత్రం బయోస్‌ను పిలవండి. ఆపైన ఎ000 సెగ్మెంటు, అంటే తెర మెమరీ ఉండే భాగం, మీ సొత్తే. చుక్క నిలువు స్థానం వైని 320తో గుణించి, అడ్డు స్థానం ఎక్స్ కలపండి. సెగ్మెంటు మొదలు నుంచి అంత దూరంలో, అంటే ఆ ఆఫ్‌సెట్‌లో, రంగు సంఖ్య రాయండి. ఎక్స్ 50, వై 10 అయితే 3250. పాత ప్రాసెసర్లకు గుణకారం బరువు. వైని ఎడమకు 8 బిట్లు జరిపి, విడిగా 6 బిట్లు జరిపి, రెండూ కూడితే అదే 320 రెట్లు. ఈ చిట్కా అంటే నాకు మహా ముచ్చట.

బొమ్మ మినుకుమంటుంటే మామూలు మెమరీలో మొత్తం గీయండి. తెర స్థితి చెప్పే 3డిఎ పోర్టులో బిట్ 3 సున్నా నుంచి ఒకటికి మారగానే, అంటే తెర ఒక చుట్టు గీయడం ముగియగానే, తెర మెమరీలోకి కాపీ చేయండి.

తప్పు చిరునామాకు రాస్తే డాస్ అడ్డుకోదు, యంత్రమే బిగుసుకుపోవచ్చు. అందుకే డాస్ యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాము డాస్‌బాక్స్‌లో సాధన చేయండి. ముగించేటప్పుడు ఏఎక్స్‌లో 3 పెట్టి, బయోస్‌ను పిలిచి మళ్లీ అక్షరాల తెరకు రండి.